సున్నా కలిపితే బొమ్మ మారిపోతోంది! మీ ఫోన్ జీపీయూ వెనకున్న పీహెచ్‌డీల కథ

కొత్త ఫోన్ రివ్యూ ఏది తీసుకున్నా జీపీయూ గురించి ఓ రెండు లైన్లు ఉంటాయి. పోయిన జనరేషన్ కంటే ఇంత శాతం ఫాస్ట్, బెంచ్‌మార్క్ స్కోర్ ఇంత, ఫలానా గేమ్ ఇన్ని ఎఫ్‌పీఎస్‌లో ఆడింది. అక్కడితో సరి, నెక్స్ట్ కెమెరాకి వెళ్లిపోతాం. ఆ స్పీడ్ ఎక్కడ ఆగిపోతుంది, ఎందుకు ఆగుతుంది అని ఎవరూ అడగరు. స్క్రీన్ మీదకొచ్చిన బొమ్మ అసలు సరైనదేనా అని అయితే అస్సలు అడగరు.

ఈ రెండు ప్రశ్నల మీద నాలుగైదేళ్లు కూర్చుని పీహెచ్‌డీ చేసేవాళ్లున్నారు. మొదటిదాని పేరు పర్ఫార్మెన్స్ మోడలింగ్, రెండోదాని పేరు కంపైలర్ వాలిడేషన్. పేర్లు వింటేనే నిద్రొస్తుంది, నిజమే. కానీ మీ జేబులో ఉన్న ఫోన్ గురించి, దానికి మీరు పెట్టిన డబ్బు గురించి ఏ బెంచ్‌మార్క్ స్కోరూ చెప్పని విషయాలు వీళ్లు చెప్పారు. అందుకే ఈసారి ఫోన్ రివ్యూ కాకుండా ఇది రాస్తున్నాను.

డబుల్ టెరాఫ్లాప్స్, అదే ఎఫ్‌పీఎస్

మనందరికీ ఎదురైన విషయంతో మొదలుపెడదాం. కొత్త చిప్‌లో జీపీయూ లెక్కల సామర్థ్యం బాగా పెరిగిందంటారు. గేమ్ ఆడి చూస్తే నాలుగు ఫ్రేములు పెరుగుతాయి. ఎందుకలా?

2009లో బర్కిలీ నుంచి శామ్యూల్ విలియమ్స్, ఆండ్రూ వాటర్‌మన్, డేవిడ్ ప్యాటర్సన్ ఒక పేపర్ రాశారు. అందులోని ఆలోచన పేరు రూఫ్‌లైన్. విలియమ్స్ పీహెచ్‌డీ పనిలోంచి వచ్చిన ఐడియా అది. చెప్పాలంటే ఎనిమిదో తరగతి లెక్క. జీపీయూ సెకనుకి ఎన్ని లెక్కలు చేయగలదు అనేది ఒక సీలింగ్. మెమరీ సెకనుకి ఎంత డేటా తెచ్చిపెట్టగలదు, తెచ్చిన ఒక్కో బైట్ మీద మీ ప్రోగ్రామ్ ఎన్ని లెక్కలు చేస్తుంది, ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేది ఇంకో సీలింగ్. రెండింట్లో ఏది తక్కువైతే మీకు దక్కేది అంతే.

అంకెలు వేసి చూద్దాం. ఫోన్ మెమరీ 64 బిట్ వెడల్పుతో 6400 స్పీడ్ ఎల్‌పీడీడీఆర్5 అనుకోండి. అంటే సెకనుకి 51.2 జీబీ. జీపీయూ 2 టెరాఫ్లాప్స్ అనుకుందాం. ఒక ఎఫెక్ట్ బైట్‌కి 10 లెక్కలు చేస్తుంటే, మెమరీ సీలింగ్ 512 గిగాఫ్లాప్స్ దగ్గరే తగిలేస్తుంది. అంటే జీపీయూలో దాదాపు మూడొంతులు ఖాళీగా కూర్చుని డేటా కోసం ఎదురుచూస్తుంది. వచ్చే ఏడాది కంపెనీ దాన్ని 3 టెరాఫ్లాప్స్ చేసి, మెమరీ మాత్రం అదే పెడితే? మీ ఎఫెక్ట్‌కి పెరిగేది సున్నా. ఫోన్‌లో ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఆ 51.2 జీబీ ఒక్క జీపీయూది కాదు. సీపీయూ, కెమెరా, డిస్‌ప్లే అందరూ అదే కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడతారు.

ఇప్పుడు అందరూ ఊదరగొడుతున్న ఆన్ డివైస్ ఏఐకి కూడా ఇదే లెక్క వేయొచ్చు. 700 కోట్ల పారామీటర్ల మోడల్‌ని 4 బిట్లకి కుదిస్తే 3.5 జీబీ అవుతుంది. జవాబులో ఒక్కో టోకెన్ రాయడానికి ఆ మొత్తం వెయిట్స్‌ని మెమరీ నుంచి ఒకసారి చదవాల్సిందే. 51.2ని 3.5తో భాగించండి. సెకనుకి సుమారు 14 టోకెన్లు, అది కూడా ఇంకెవరూ మెమరీని ముట్టుకోకపోతే. బాక్స్ మీద ఎన్ని టాప్స్ రాసున్నా ఈ అంకె కదలదు. టాప్స్ ఉపయోగపడేది మీరిచ్చిన పెద్ద ప్రశ్నని చదివే దశలో, ఎందుకంటే అక్కడ ఒకసారి తెచ్చిన వెయిట్స్‌ని చాలా టోకెన్లకి వాడుకోవచ్చు. సో, ఇకపై ఏఐ ఫోన్ అని ఎవరైనా అంటే ముందు మెమరీ బ్యాండ్‌విడ్త్ ఎంతో చూడండి. చాలా స్పెక్ షీట్లలో అది కనపడదు. ర్యామ్ ఎన్ని జీబీలో మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

దోసెల పెనం లెక్క

రూఫ్‌లైన్ చెప్పేది పైకప్పు ఎంత ఎత్తులో ఉందో మాత్రమే. దాన్ని అందుకుంటామా లేదా అనేది వేరే కథ. పీహెచ్‌డీ వాళ్లు అసలు చిక్కుకుపోయేది ఇక్కడే.

జీపీయూ మెమరీని ఒక మాట అడిగితే జవాబు రావడానికి వందల సైకిల్స్ పట్టొచ్చు. టిఫిన్ సెంటర్‌లో దోసె మాస్టర్‌ని చూడండి. ఒక దోసె పోసి, అది కాలేదాకా చేతులు కట్టుకుని నిలబడడు. పెనం మీద వరసగా పోసుకుంటూ పోతాడు. చివరిది పోసేసరికి మొదటిది కాలి ఉంటుంది. జీపీయూ కూడా అంతే. థ్రెడ్లని గుంపులుగా కడుతుంది. ఎన్విడియా భాషలో 32 థ్రెడ్ల గుంపుని వార్ప్ అంటారు. ఒక వార్ప్ డేటా కోసం ఆగితే ఇంకో వార్ప్‌ని పనిలో పెడుతుంది. ఆగే టైమ్ బయటికి కనపడదు.

మరి పెనం మీద ఎన్ని దోసెలు ఉంటే సరిపోతుంది? 2009లోనే జార్జియా టెక్ నుంచి సన్‌ప్యో హాంగ్, హైసూన్ కిమ్ దీనికి ఒక ఫార్ములా లాంటి మోడల్ ఇచ్చారు. ఒకేసారి ఎన్ని వార్ప్‌లు మెమరీని అడగగలవు, ఒకటి ఎదురుచూసే లోపు ఎన్ని వార్ప్‌లు లెక్కలు పూర్తి చేయగలవు, ఈ రెండు అంకెలు పట్టుకుని ప్రోగ్రామ్ టైమ్‌ని నడపకుండానే అంచనా వేయొచ్చన్నారు. చిన్న టెస్ట్ ప్రోగ్రాములకి సగటు తేడా 5.4 శాతం, నిజం అప్లికేషన్లకి 13.3 శాతం. కాగితం మీద లెక్కకి ఇది గొప్ప విషయమే. సిమ్యులేటర్ ఇంకా నమ్మకంగా చెప్తుంది కదా అంటారేమో. జీపీజీపీయూ సిమ్, దాని తర్వాత 2020లో వచ్చిన యాక్సెల్ సిమ్ లాంటివి ఉన్నాయి, కానీ అసలు చిప్ మీద సెకను పట్టే పనిని వాటిలో నడపాలంటే రోజుల తరబడి కూర్చోవాలి.

ఆ తర్వాత వచ్చినవాడు నాకు బాగా నచ్చాడు. వసీలీ వోల్కోవ్, బర్కిలీ. అప్పట్లో అందరూ చెప్పే సలహా ఒకటే: జీపీయూని వీలైనన్ని థ్రెడ్లతో నింపెయ్, స్పీడ్ అదే వస్తుంది. వోల్కోవ్ 2010లో ఎన్విడియా సొంత కాన్ఫరెన్స్‌కే వెళ్లి, థ్రెడ్లు తగ్గించి, ఒక్కో థ్రెడ్‌కి ఒకదానిమీద ఒకటి ఆధారపడని పనులు ఎక్కువ ఇస్తే ఇంకా ఫాస్ట్‌గా నడుస్తుందని చూపించాడు. నలుగురు మాస్టర్లు తలా ఒక దోసె వేసినా, ఒక్కడే నాలుగు దోసెలు వేసినా పెనం నిండుతుంది. రెండో పద్ధతిలో వంటగది ఇరుకవ్వదు, అంతే తేడా. 2016లో వచ్చిన తన థీసిస్‌లో ఇంకో పని చేశాడు. మెమరీ నుంచి తేవడం, లెక్క చేయడం, ఇంతకంటే ఏమీ లేని అతి మామూలు ప్రోగ్రాములు రాసి, వాటిని అప్పటిదాకా వచ్చిన మోడల్స్‌కి ఇచ్చాడు. అవి 1.7 రెట్ల దాకా తప్పు అంచనాలు ఇచ్చాయి. పెద్ద పెద్ద అప్లికేషన్లకి సరిపోతున్నాయి అనుకున్న ఫార్ములాలు, చిన్న లెక్క దగ్గర దొరికిపోయాయి!

ఇప్పుడు అసలు భయం: బొమ్మ తప్పైతే?

స్పీడ్ సంగతి సరే. ఇక్కడి నుంచి నాకు ఎక్కువ కోపం తెప్పించే టాపిక్.

మీ ఫోన్‌లో గేమ్ వేసినప్పుడు "షేడర్స్ కంపైల్ అవుతున్నాయి" అని ఒక బార్ కదులుతుంది చూశారా? ప్రతి పిక్సెల్‌కి ఏ రంగు వేయాలో చెప్పే చిన్న ప్రోగ్రామ్ షేడర్. మామూలు యాప్ కోడ్ చాలావరకు డెవలపర్ దగ్గరే కంపైలర్ దాటి వస్తుంది. షేడర్ అలా కాదు. గేమ్ దాన్ని సోర్స్‌గానో, మధ్యస్థ రూపంలోనో మోసుకొస్తుంది. మీ జీపీయూకి అర్థమయ్యే భాషలోకి మార్చేది మీ ఫోన్ డ్రైవర్‌లో కూర్చున్న కంపైలర్. అంటే అదే గేమ్‌ని అడ్రినో ఒకలా, మాలీ ఇంకోలా అనువదించుకుంటుంది. అదే చిప్ ఉన్న రెండు ఫోన్లలో డ్రైవర్ వెర్షన్ వేరైతే అనువాదమూ వేరు.

మా ఆఫీసులో జరిగింది చెప్తాను. మా యాప్‌లో ఒక కెమెరా ఫిల్టర్ ఉంది. అన్ని ఫోన్లలో బాగానే ఉంది, ఒక్క మోడల్‌లో మాత్రం బుగ్గ మీద ఊదా రంగు మచ్చలు. ఆ ఫిల్టర్ రాసింది మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి. రెండు వారాలు ప్రతి ఉదయం మీటింగ్‌లో ఆమెకి అదే ప్రశ్న: "ఇంకా ఫిక్స్ కాలేదా?" డ్రైవర్ కంపైలర్ మీద అనుమానంగా ఉందని చెప్తే, "అందరూ అలాగే అంటారమ్మా, ముందు మీ కోడ్ చూసుకోండి" అని జవాబు. ప్రొబేషన్ రివ్యూకి ఇంకా పది రోజులే ఉంది. ఫోన్ కంపెనీకి మెయిల్ పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. చివరికి ఆమె ఏం చేసిందంటే, షేడర్‌లోంచి ఒక్కో లైన్ తీసేస్తూ, మచ్చ ఉందా పోయిందా చూస్తూ, మొత్తాన్ని తొమ్మిది లైన్లకి తెచ్చింది. ఆ తొమ్మిది లైన్లలో ఒక లూప్ ఉంది. లూప్‌గా రాస్తే మచ్చ, అదే మూడుసార్లు విడివిడిగా రాస్తే మచ్చ లేదు. లెక్క ఒకటే, బొమ్మలు రెండు. రెండు ఫోన్లు టేబుల్ మీద పక్కపక్కన పెట్టి చూపించాక గానీ ఎవరూ నమ్మలేదు. రివ్యూ గండం గట్టెక్కింది లెండి.

ఆమె చేత్తో చేసిన ఆ పనిని మెషీన్‌తో చేయించడమే లండన్ ఇంపీరియల్ కాలేజీలో అలస్టెర్ డొనాల్డ్‌సన్ టీమ్ ఏళ్ల తరబడి చేసిన రీసెర్చ్.

సరైన జవాబు తెలియకుండా తప్పు పట్టడం

కంపైలర్‌ని టెస్ట్ చేయడంలో ఉన్న చిక్కు ఇది: సరైన జవాబు ఏదో ఎవరికి తెలుసు? సీ కంపైలర్లకి ఒక దారి దొరికింది. యూటా యూనివర్సిటీలో షూజన్ యాంగ్, జాన్ రెగర్ వాళ్లు సీస్మిత్ అనే టూల్ చేశారు. అది అడ్డదిడ్డంగా, కానీ రూల్స్ తప్పకుండా సీ ప్రోగ్రాములు పుట్టిస్తుంది. ఒకే ప్రోగ్రామ్‌ని నాలుగు కంపైలర్లకిచ్చి జవాబులు పోల్చడమే. ఒకటి వేరే జవాబిస్తే దొరికినట్టే. 2011లో పేపర్ వచ్చేసరికి అప్పటిదాకా ఎవరికీ తెలియని బగ్స్ 325కి పైగా పట్టారు. జీసీసీ, ఎల్‌ఎల్‌వీఎం లాంటి, ప్రపంచమంతా కళ్లు మూసుకుని నమ్మే కంపైలర్లలో కూడా!

గ్రాఫిక్స్‌లో ఈ దారి నడవదు. దశాంశ లెక్కల్లో చిన్న చిన్న తేడాలు రూల్స్ ప్రకారమే ఓకే. రెండు జీపీయూల బొమ్మలు కొంచెం తేడాగా ఉంటే అది బగ్గో, సహజమైన తేడానో చెప్పలేం.

దీనికి వాళ్లు వాడిన కిటుకు పాతదే. 1998లో టి.వై. చెన్ ప్రతిపాదించిన మెటమార్ఫిక్ టెస్టింగ్. కిరాణా కొట్టు చీటీతో చెప్తాను. మొత్తం ఎంతవ్వాలో మీకు తెలియదు. కానీ అదే చీటీని కింది నుంచి పైకి కూడమంటే మొత్తం మారకూడదు కదా? మారిందంటే కొట్టువాడు ఎక్కడో తప్పు కూడాడు. ఎక్కడో తెలియకపోయినా, తప్పని మాత్రం ఖాయం.

ఇంపీరియల్ వాళ్లు షేడర్‌తో అదే చేశారు. బాగా పనిచేసే షేడర్ ఒకటి తీసుకో. అందులో ఒక అంకెకి సున్నా కలుపు. ఇంకోదాన్ని ఒకటితో గుణించు. ఎప్పటికీ నడవని కోడ్‌ని ఒక షరతు వెనక దాచు. ఆ షరతులోని విలువలు ప్రోగ్రామ్ నడిచేటప్పుడే తెలుస్తాయి కాబట్టి, ఇది ఎప్పటికీ నడవదని కంపైలర్ ముందే కనిపెట్టి తీసేయలేదు, దాన్ని కూడా సీరియస్‌గా అనువదించాల్సిందే. బొమ్మ మాత్రం మారకూడదు. సాలీడు కదిలినంత మాత్రాన ఇల్లు కదలదు కదా. ఇక్కడ కదిలింది. బొమ్మ మారింది, కొన్నిచోట్ల డ్రైవర్ క్రాష్ అయింది, ఇంకొన్నిచోట్ల మొత్తం మెషీనే ఆగిపోయింది.

2017లో వచ్చిన పేపర్‌లో 17 జీపీయూ, డ్రైవర్ కాంబినేషన్లు టెస్ట్ చేశారు. ఏఎండీ, యాపిల్, ఆర్మ్, ఇమాజినేషన్, ఇంటెల్, ఎన్విడియా, క్వాల్‌కామ్, ఏడు కంపెనీలవీ ఉన్నాయి. 60కి పైగా వేర్వేరు బగ్స్ దొరికాయి. ఒక్క కాంబినేషన్ కూడా తప్పించుకోలేదు. ఇది మళ్లీ చదవండి: ఒక్కటి కూడా.

వీటిలో కొన్ని అందం చెడే రకం కాదు. శాంసంగ్ గెలాక్సీ ఎస్6లో ఒక వెబ్‌పేజీ తెరిస్తే చాలు, ఫోన్ రీబూట్ అయ్యేలా చేయగలిగారు. యాపిల్ వైపు, షేడర్లని సరిగ్గా చూసుకోకపోవడం వల్ల మెమరీలోని సమాచారం వెబ్‌పేజీకి లీకయ్యే లోపం బయటపడింది. 2017లో ఐఓఎస్ 10.3తో దాన్ని సరిచేసి, ఆ టీమ్‌లోని పాల్ థామ్సన్‌కి క్రెడిట్ ఇచ్చారు.

ఈ పని గ్రాఫిక్స్‌ఫజ్ అనే చిన్న కంపెనీ అయింది. 2018 ఆగస్టులో గూగుల్ దాన్ని కొనేసి, టూల్‌ని ఓపెన్ సోర్స్ చేసింది. ఆ టూల్ పట్టిన షేడర్లు ఇప్పుడు వల్కన్ అధికారిక పరీక్షల్లో భాగం. అంటే కొత్త డ్రైవర్ ఏదైనా ఆ గేటు దాటి రావాలి. నా దృష్టిలో ఆండ్రాయిడ్ గేమింగ్‌కి ఏ ఆర్‌జీబీ లైట్ల ఫోనూ చేయనంత మేలు ఇది చేసింది. దీని గురించి యూట్యూబ్‌లో అన్‌బాక్సింగ్ మాత్రం ఉండదు.

ఇంపీరియల్‌లోనే పీహెచ్‌డీ చేసిన టైలర్ సోరెన్‌సెన్ సంగతి కూడా చెప్పాలి. 2024 జనవరిలో హైదీ క్లాఫ్‌తో కలిసి లెఫ్ట్‌ఓవర్ లోకల్స్ అనే లోపాన్ని బయటపెట్టాడు. ఒక యాప్ జీపీయూ లోకల్ మెమరీలో వదిలేసిన డేటాని ఇంకో యాప్ చదివేయొచ్చు. హోటల్ రూమ్ శుభ్రం చేయకుండానే తర్వాతివాళ్లకి తాళం ఇచ్చినట్టు. యాపిల్, క్వాల్‌కామ్, ఏఎండీ, ఇమాజినేషన్ జీపీయూల్లో ఇది కనిపించింది. ఒక ఏఎండీ కార్డు మీద నడుస్తున్న 700 కోట్ల పారామీటర్ల చాట్ మోడల్ నుంచి, ఒక్కో ప్రశ్నకి 181 ఎంబీ దాకా లీకైంది. మోడల్ ఇస్తున్న జవాబుని పక్క ప్రోగ్రామ్ మళ్లీ కట్టేయగలిగింది. ఆన్ డివైస్ ఏఐ కాబట్టి ప్రైవసీకి ఢోకా లేదు అనే యాడ్ చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

నా బీటెక్ బ్యాచ్‌మేట్ ఒకడు ఈ లైన్‌లోనే పీహెచ్‌డీకి వెళ్దామని రాజీనామా లెటర్ రాసి పెట్టుకున్నాడు. ఇంట్లో వాళ్ల నాన్న ఒకటే మాట: "ఉన్న ఉద్యోగం వదిలేసి మళ్లీ చదువేంట్రా? పెళ్లి సంబంధాల వాళ్లకి ఏం చెప్పాలి?" ఆయన భయం ఊరికే కాదు. జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకి 37,000. వాడి ఇప్పటి జీతంలో అది సగం కూడా కాదు. ఐదేళ్లలో బ్యాచ్‌లో అందరూ ఫ్లాట్లు బుక్ చేసుకుంటారు, వీడు తొమ్మిది లైన్ల షేడర్ చూపించి బగ్ దొరికిందని ఎగిరి గంతేస్తాడు. మరీ దూరం వెళ్లక్కర్లేదు కూడా, ఐఐటీ హైదరాబాద్‌లోనే ఎల్‌ఎల్‌వీఎం మీద గట్టిగా పనిచేసే కంపైలర్ గ్రూప్ ఉంది. ప్రోగ్రామ్‌ని మెషీన్ లెర్నింగ్‌కి అర్థమయ్యే అంకెల వరసగా మార్చే ఐఆర్2వెక్ అక్కడి పనే. వెళ్లమనే చెప్పాను. చిప్ కంపెనీలకి ఇలాంటివాళ్లు కావాలి, ఆ సంగతి ఈ పేపర్లు రాసినవాళ్లు తర్వాత ఎక్కడ చేరారో చూసినా తెలుస్తుంది. కానీ ఆ ఐదేళ్ల ఈఎంఐలు కట్టేది నేను కాదు కాబట్టి, నా సలహాకి ఎంత విలువివ్వాలో వాడే తేల్చుకోవాలి.

ఇక మీ ఫోన్ సంగతి. జీపీయూ డ్రైవర్ ఎక్కువగా సిస్టమ్ అప్‌డేట్‌తోనే వస్తుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి ప్లే స్టోర్ ద్వారా డ్రైవర్ విడిగా మార్చుకునే ఏర్పాటు ఉన్నా, అది కొన్ని ఫోన్లకే దక్కింది. డెవలపర్ ఆప్షన్స్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ ప్రిఫరెన్సెస్ అని ఉంటుంది, తెరిచి చూడండి. మీ ఫోన్‌కి విడి డ్రైవర్ వచ్చి ఉంటే అక్కడ ఎంచుకోవచ్చు. లేకపోతే, అప్‌డేట్లు ఆగిపోయిన రోజున ఆ కంపైలర్‌లో ఎన్ని బగ్స్ ఉన్నాయో అన్నీ ఫోన్ పారేసేదాకా మీతోనే ఉంటాయి. అందుకే ఒకే ధరలో రెండు ఫోన్లుంటే, బెంచ్‌మార్క్‌లో పది శాతం ఎక్కువ కొట్టినదాని కంటే రెండేళ్లు ఎక్కువ అప్‌డేట్లు ఇచ్చేదానికే నేను ఓటేస్తాను. గేమ్‌లో ఎక్కడైనా ఊదా మచ్చలు, నల్ల డబ్బాలు కనిపిస్తే స్క్రీన్‌షాట్‌తో పాటు సెట్టింగ్స్‌లోని బిల్డ్ నంబర్ కూడా డెవలపర్‌కి పంపండి. అవతల ఎవరో ఒక కొత్త ఇంజనీర్ ప్రొబేషన్ దాని మీద ఆధారపడి ఉండొచ్చు.